క్రైస్తవ ఉన్నత పాఠశాలలో నాటకానికి వారానికొక పీరియడ్ అవసరమా?

కరస్పాండెంట్:
ఎనిమిది, తొమ్మిది తరగతులకు వారానికొక పీరియడ్ నాటకానికి ఇవ్వాలన్న ప్రతిపాదన మా కమిటీ ముందుంది. క్రిస్మస్ నాటిక చాలదా అని కొందరు, అదీ ఎక్కువేనని మరికొందరు అంటున్నారు. పెద్దలు కారణాలతో సహా తమ అభిప్రాయం చెప్పగలరు.

సంఘ పెద్ద:
వందనాలు. నేను వద్దనే అంటాను. తొలి శతాబ్దాల క్రైస్తవ రచయిత టెర్టూలియన్ ఆనాడే రంగస్థలాన్ని తప్పుపట్టింది అక్కడి విగ్రహారాధన కోసం మాత్రమే కాదు. లేని కోపాన్ని, లేని కన్నీళ్లను నటించడం సత్యస్వరూపుడైన దేవునికి ఇష్టం కాదని కూడా. అది పాతకాలపు చాదస్తమనుకునేవారు సెయింట్ సిర్ సంగతి చూడాలి. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ భార్య మదాం ద మేంతెనో పూనికతో, పేదరికంలో పడిన ప్రభువంశాల ఆడపిల్లల కోసం ఫ్రాన్సులో 1686లో వెలసిన బడి అది. ఆమె కోరిక మీద ఫ్రెంచ్ నాటకకర్త రసీన్ బైబిలులోని ఎస్తేరు కథను నాటకంగా రాయగా, 1689లో పిల్లలే ఆడారు. చూడటానికి పద్నాలుగో లూయీ, ఆయన ఆస్థానం తరలివచ్చారు. పొగడ్తలు పిల్లల తలకెక్కాయి. 1691లో రెండో నాటకం ‘అతాలీ’ని వేషాలూ రంగాలంకరణా లేకుండా ఆడించి సరిపెట్టవలసి వచ్చింది. బైబిలు కథే అయినా ఫలితం ఇది.

తెలుగు ఉపాధ్యాయిని:
అయ్యా, మీరు చెప్పిన ఉదంతం నా వాదనకే ఎక్కువ పనికొస్తుంది. అక్కడ పిల్లలను చెడగొట్టింది నాటకం కాదు, ఎదురుగా కూర్చున్న ఆస్థానం. ముఖ్య అతిథి, ఫ్లెక్సీలు, వందలాది సెల్‌ఫోన్ల నడుమ జరిగే మన క్రిస్మస్ నాటికే సెయింట్ సిర్‌కు దగ్గర. నేను అడుగుతున్నది ప్రేక్షకులు లేని, తలుపు మూసిన తరగతి గది. బడిపిల్లలు హాస్యనాటకాలు ఆడటాన్ని ప్రొటెస్టెంట్ సంస్కర్త లూథర్ సమర్థించాడు. బళ్లు నడిపే కాథలిక్ సన్యాస సంఘం జెసూట్లు 1599 నాటి తమ విద్యా నియమావళిలో నాటకాలు లాటిన్‌లోనే, పవిత్ర విషయాల మీదే, అదీ అరుదుగానే ఉండాలని కట్టడి చేశారు గాని మానిపించలేదు. (అంత కట్టుదిట్టమైన బడిలో చదివిన మోలియర్ చివరికి ఫ్రాన్సులో పేరుమోసిన హాస్యనాటకకర్త అయ్యాడు, ఆ ఫాదర్లు సంతోషించారో లేదో వేరే విషయం.)

పేతురు ప్రభువును ఎరుగనన్న ఘట్టాన్ని తీసుకోండి. కంఠస్థ వాక్యంగా అప్పజెప్పమంటే పిల్లవాడు మూడుసార్లూ ఒకే గొంతుతో గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు. చలిమంట దగ్గర నిలబెట్టి, పనిపిల్ల చేత అడిగిస్తే, రెండోసారికే ఎటు చూడాలో తెలియక ఆగుతాడు. పేతురును పట్టిచ్చింది అతని గలిలయ యాస. పట్నం బడిలో తన మాటకు నవ్వులపాలైన శ్రీకాకుళం పిల్లవాడికి దీన్ని ఎవరూ వివరించనక్కరలేదు. ఆ భయం తెలిశాక మూడోసారి ఒట్టుపెట్టుకుని చెప్పడం వాడికి ఎంత కష్టమవుతుందో చూడండి. దాన్ని అబద్ధం అంటారా?

సంఘ పెద్ద:
అనను. కానీ మన బళ్లలో ఇతర మతాల పిల్లలు ఎందరో ఉన్నారు. వారి చేత పేతురు వేషం వేయించవచ్చా? ఇంకొకటి, క్రీస్తు పాత్ర ఎవరికిస్తారు?

తెలుగు ఉపాధ్యాయిని:
మొదటి అభ్యంతరం న్యాయమైనది. గుర్తింపు పొందిన లేదా ప్రభుత్వ సాయం పొందే బడిలో, సంరక్షకుల సమ్మతి లేకుండా పిల్లలను మతబోధలో పాల్గొనమనకూడదని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది. కాబట్టి బైబిలు ఘట్టాలు ఇష్టమైనవారికే ఉంటాయి, మిగిలినవారు తెలుగు వాచకంలోని సంభాషణలు తీసుకుంటారు. క్రీస్తు పాత్ర ఎవరికీ ఇవ్వను. ఆయన వైపు చూసేవాళ్లే గదిలో ఉంటారు. మార్కులు కూడా వద్దని కమిటీకి నా మనవి.