నవ్వు ముఖం పెట్టుకోవడమేనా సాక్ష్యం అంటే?

నైట్ డ్యూటీ నర్స్, గుంటూరు:
అందరికీ వందనాలు. ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. హాస్టల్ గదిలో నాతో ఉండే ఇద్దరూ క్రైస్తవులు కారు. మొన్న ఆదివారం మా సంఘంలో "విశ్వాసి ముఖంలో ఆనందం చూసే పక్కవాళ్ళు ప్రభువు దగ్గరికి రావాలి" అని వాక్యం చెప్పారు. అప్పట్నుంచి నాకు అదే టెన్షన్. అమ్మకి డయాలసిస్ నడుస్తోంది. రాత్రంతా ఐసీయూలో నిలబడి, తెల్లారి గదికొచ్చి నవ్వుతూ ఉండాలంటే నటించినట్టే ఉంటుంది. నవ్వకపోతే ప్రభువుకి చెడ్డపేరు తెస్తున్నానేమో అని భయం. నిజమైన ఆనందంతో బతకడం, అది చూసి ఒకరు దగ్గరికి రావడం ఎలా జరుగుతుంది? మీ అనుభవాలు చెప్పండి.

రిటైర్డ్ టీచర్, ఒంగోలు:
వందనాలు తల్లీ. ముందు ఆ నవ్వు సంగతి వదిలెయ్యి. బైబిల్లో అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం ఒకసారి నింపాదిగా చదువు. ఫిలిప్పీ పట్టణపు చెరసాలలో సువార్తికులు పౌలు, సీల దెబ్బలు తిని, కాళ్ళకి బొండతో (కాళ్ళు బిగించే కొయ్యతో) మధ్యరాత్రి పాటలు పాడారు. ఆ పాటలు వినే చెరసాల నాయకుడు మారాడని చాలామంది చెబుతారు. కానీ అతను అప్పుడు నిద్రలో ఉన్నాడమ్మా! పాటలు విన్నది తోటి ఖైదీలు. భూకంపం వచ్చి తలుపులు తెరుచుకున్నాక అతనికి మెలకువ వచ్చింది. అందరూ పారిపోయారనుకుని తనని తాను చంపుకోబోయాడు. అప్పుడు పౌలు, నీకు నువ్వు హాని చేసుకోవద్దు, మేమంతా ఇక్కడే ఉన్నామని కేకేశాడు. తనని బంధించినవాడి ప్రాణం పోకూడదని పెట్టిన ఆ కేకే అతన్ని కదిలించిందని నేను నమ్ముతాను. ఆ రాత్రే అతను వాళ్ళ గాయాలు కడిగి, ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టాడు, ఇంటిల్లిపాదితో కలిసి ఆనందించాడు. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని పౌలు తర్వాత రాసింది ఆ ఫిలిప్పీ సంఘానికే, అదీ సంకెళ్ళలో ఉండి.

మా అత్తగారు చదువుకోలేదు. తెల్లవారుజామున కల్లాపి చల్లుతూ పాట అందుకునేవారు. రాగం తప్పేది, అయినా ఆపేవారు కాదు. ఏ రోజైనా పాడకపోతే ఎదురింటావిడ గుమ్మంలోంచే "ఇవాళ పాట లేదేం వదినా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేది. ఆవిడ భర్త పోయినప్పుడు మా అత్తగారు పాడలేదు, వాక్యమూ చెప్పలేదు. పొయ్యి వెలగని ఇల్లు కదా, క్యారేజీ నిండా అన్నం, చారు పట్టుకెళ్ళి పిల్లలకి తినిపించి, గిన్నెలు తోమి వచ్చేవారు. పెద్దకర్మ అయ్యేదాకా అదే పని. కొన్నాళ్ళకి ఆవిడే అడిగింది, "నీ కొడుకు పోయాక కూడా నువ్వు మళ్ళీ పాడావు కదా, ఎలా పాడగలిగావు?" అని. అప్పుడు చెప్పారు అత్తగారు, ప్రభువు గురించి, తన కడుపుకోత గురించి.

కోనసీమ డ్రైవర్, కువైట్:
సిస్టర్, ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా తెలుగు ఆరాధన కూడా ఆ రోజే. ఆరాధన నుంచి వచ్చాక రూములో అందరికీ కోడికూర నేనే వండుతాను. ఇంటికి డబ్బు పంపలేక కుమిలిపోయేవాళ్ళుంటే పక్కన కూర్చుంటాను. "అన్నా, మీ ఆరాధనకి నేనూ రావచ్చా?" అని ఒక కడప కుర్రాడు అడిగింది ఆ కూర తింటూనే. తొలి సంఘంవాళ్ళు ఇంటింటా రొట్టె విరుస్తూ ఆనందంతో భోజనం చేసేవారని కార్యములు 2లో ఉంది కదా.

మెదక్ పాఠకుడు:
టీచర్ గారు బాగా చెప్పారు. నేను ఒక్కటి చేరుస్తాను: ఏడుపు దాచుకోకండి. 88వ కీర్తన చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, అదీ ఆరాధన పాటే. మా మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. కరువులో జనానికి పనీ కూడూ దొరకాలనే మిషనరీ పోస్నెట్ దొర ఆ కట్టడం మొదలుపెట్టించాడని మా పెద్దలు చెప్పేవారు. ఇప్పటికీ క్రిస్మస్‌కి అన్ని మతాలవాళ్ళూ వస్తారు. ఆకలి తెలిసినవాళ్ళ పండుగ కాబట్టే అది అందరి పండుగ అయిందనుకుంటాను.

నైట్ డ్యూటీ నర్స్, గుంటూరు:
అందరికీ థాంక్స్. జైలు నాయకుడు నిద్రలో ఉన్నాడన్నది నేనెప్పుడూ గమనించలేదు. నా రూమ్మేట్ వాళ్ళ నాన్నగారికి వచ్చే వారం ఆపరేషన్. ఆ రోజు టిఫిన్ పట్టుకెళ్దామనుకుంటున్నాను. అక్కడ ప్రార్థన చేస్తానంటే ఏమైనా అనుకుంటారా?

రిటైర్డ్ టీచర్, ఒంగోలు:
అడుగు తల్లీ. సరే అంటే రెండు మాటల్లో చెయ్యి. వద్దంటే ఊరుకుని అక్కడే కాసేపు కూర్చో. టిఫిన్ వాళ్ళమ్మగారికి కూడా సరిపడా పట్టుకెళ్ళు, బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్ళని తిన్నారా అని ఎవరూ అడగరు. మీ అమ్మగారి కోసం మా స్త్రీల కూడికలో ప్రార్థిస్తాం. డయాలసిస్ ఏయే రోజుల్లో?