ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ బిల్డ్ అయింది, కానీ సింగిల్ ప్రెసిషన్ .ఎస్ఓ లేదు

ప్రశ్న:
రాకీ లినక్స్ 9లో ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ (ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్‌లు లెక్కించే లైబ్రరీ) 3.3.10 సోర్స్ తెచ్చి కన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ చేశాను. ఎర్రర్ ఒక్కటీ రాలేదు. అణువుల కదలికల్ని సిమ్యులేట్ చేసే గ్రోమాక్స్‌కి సీమేక్ (బిల్డ్ సిద్ధం చేసే టూల్) నడిపితే మాత్రం లిబ్‌ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ3ఎఫ్ (సింగిల్ ప్రెసిషన్, అంటే ఫ్లోట్ రకం) దొరకలేదంటోంది. /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌లో లిబ్‌ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ3.ఏ (స్టాటిక్ లైబ్రరీ) ఉంది, .ఎస్ఓ (నడిచేటప్పుడు లోడ్ అయ్యే షేర్డ్ లైబ్రరీ) లేదు. ఉన్నదానికే 3ఎఫ్ పేరుతో సిమ్‌లింక్ పెట్టొచ్చా?

జవాబు 1:
పెట్టకండి. సింగిల్ ప్రెసిషన్ ఫంక్షన్ల పేర్లు ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూఎఫ్_ అని మొదలవుతాయి, మీ ఫైల్లో అవి ఉండవు. లింక్ దశలో అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ వస్తుంది. హెడర్ అన్ని ప్రెసిషన్లకూ ఒకటే కాబట్టి కంపైల్ దాకా అంతా బాగున్నట్టే ఉంటుంది, అదే తికమక.

ఆప్షన్లేవీ ఇవ్వకపోతే వచ్చేది డబుల్ ప్రెసిషన్ స్టాటిక్ లైబ్రరీ మాత్రమే. ఒక్కో ప్రెసిషన్‌కి విడిగా బిల్డ్ చెయ్యాలి. ముందు సోర్స్ ఫోల్డర్లో మేక్ డిస్ట్‌క్లీన్ కొట్టండి, లేకపోతే బయటి ఫోల్డర్ నుంచి కన్ఫిగర్ చేస్తే ‘సోర్స్ ఇప్పటికే కన్ఫిగర్ అయింది’ అని ఆగిపోతుంది. తర్వాత సోర్స్ లోపల ఒక కొత్త ఫోల్డర్ చేసి, దాంట్లోంచి:

../కన్ఫిగర్ --ఎనేబుల్-ఫ్లోట్ --ఎనేబుల్-షేర్డ్ --ఎనేబుల్-ఎస్ఎస్ఈ2 --ఎనేబుల్-ఏవీఎక్స్2

డబుల్ కూడా .ఎస్ఓగా కావాలంటే ఇంకో ఫోల్డర్లో --ఎనేబుల్-ఫ్లోట్ తీసేసి మళ్లీ. లాంగ్ డబుల్‌కి ఆ ఎస్ఎస్ఈ2, ఏవీఎక్స్2 (ప్రాసెసర్ వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు వాడే) ఆప్షన్లు ఇస్తే కన్ఫిగర్ ఒప్పుకోదు.

జవాబు 2:
గ్రోమాక్స్ ఒక్కదానికే అయితే ఇంత శ్రమెందుకండీ? -డీజీఎంఎక్స్_బిల్డ్_ఓన్_ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ=ఆన్ ఇస్తే తనే తెచ్చుకుని బిల్డ్ చేసుకుంటుంది. దానికి థ్రెడ్స్ వేరియంట్ (పనిని చాలా థ్రెడ్లకు పంచే లైబ్రరీ) అక్కర్లేదు. వేరే ప్రోగ్రామ్ అడిగితే --ఎనేబుల్-థ్రెడ్స్ కలపండి. స్టాటిక్‌గా లింక్ చేసేటప్పుడు 3ఎఫ్_థ్రెడ్స్ ముందు, 3ఎఫ్ తర్వాత రాయాలి.

ప్రశ్న అడిగినవారు:
3ఎఫ్.ఎస్ఓ వచ్చిందండీ, సీమేక్ కూడా దాటింది. నేను రాసిన చిన్న సీ ప్రోగ్రామ్ జీసీసీతో లింక్ అవుతోంది కానీ నడిపితే లిబ్‌ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ3ఎఫ్.ఎస్ఓ.3 తెరవలేకపోయానంటోంది.

జవాబు 1:
లింకర్ /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌లో వెతుకుతుంది, రాకీలో రన్‌టైమ్ లోడర్ వెతకదు. డెబియన్‌లో ఆ దారి ముందే రాసి ఉంటుంది. /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.కాన్ఫ్.డీ లోపల లోకల్.కాన్ఫ్ అని ఫైల్ పెట్టి, అందులో ఆ దారి ఒక్క లైన్ రాసి, రూట్‌గా ఎల్‌డీకాన్ఫిగ్ నడపండి. ఎల్‌డీకాన్ఫిగ్ -పీ జాబితాలో 3ఎఫ్ కనబడితే ప్రోగ్రామ్ నడుస్తుంది.