మేజిస్ట్రేట్ అవ్వాలంటే బ్రిటిష్ పాస్‌పోర్టు ఉండాలా?

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊరికి కొత్తగా వచ్చాను. ఇండియన్ పాస్‌పోర్టు, ఐటీ ఉద్యోగం. కోర్టులో స్వచ్ఛందంగా కేసులు విని తీర్పు చెప్పే మేజిస్ట్రేట్లు కావాలని లైబ్రరీలో పోస్టరు చూశాను. లా చదవలేదు. మనల్ని తీసుకుంటారా?

లెస్టర్ నుంచి:
తీసుకుంటారు తమ్ముడూ. నేను చెప్పేది ఇంగ్లండ్, వేల్స్ సంగతే, స్కాట్లండ్‌లో పద్ధతి వేరు. లా డిగ్రీ అక్కర్లేదు, పౌరసత్వమూ అక్కర్లేదు. వయసు 18 నుంచి 74 దాకా ఉండొచ్చు, రాజుగారికి విధేయత ప్రమాణం చెయ్యడానికి సిద్ధపడాలి. గీత మీద చెయ్యొచ్చు, ఏ గ్రంథమూ లేకుండానూ చెయ్యొచ్చు. ఏడాదికి కనీసం 13 రోజుల చొప్పున ఐదేళ్లయినా చేస్తావని ఆశిస్తారు. వీసా అయ్యాక హైదరాబాద్ వెళ్లిపోయే ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడు దరఖాస్తు పెట్టకు. జీతం లేదు. ప్రయాణ ఖర్చులిస్తారు, జీతంలో కోత పడితే ఒక పరిమితి వరకు ఇస్తారు.

చట్టం తెలీదని బెంగ వద్దు. సాధారణంగా బెంచి మీద ముగ్గురుంటారు, చట్టం చెప్పడానికి లీగల్ అడ్వైజర్ ఉంటారు. శిక్ష గైడ్‌లైన్స్ చూసి మెట్టు మెట్టుగా లెక్కగడతారు. అలాగని చిన్న పని కాదు. 2024 నవంబరు నుంచి కొన్ని నేరాలకు 12 నెలల దాకా జైలు వెయ్యొచ్చు.

స్లౌ నుంచి:
ఫారం ముట్టుకోకముందే కోర్టుకి కనీసం రెండుసార్లు వెళ్లి వెనక కూర్చోండి. ఎవరైనా వెళ్లొచ్చు. బెయిలు, శిక్ష, ట్రయల్ మూడూ చూస్తే మంచిది, ఏ గదిలో ఏముందో కోర్టు సిబ్బందిని అడగండి. ఫోన్‌తో ఫొటో తియ్యకండి, 1925 చట్టం ప్రకారం అది నేరం.

తర్వాత ఆన్‌లైన్ దరఖాస్తు, పరిస్థితులిచ్చి ఏం చేస్తారని అడిగే పరీక్ష, ఇంటర్వ్యూ. మనవాళ్లు తప్పేది ఇంటర్వ్యూలోనే. "మా టీం చేసింది" అంటారు, వాళ్లకి కావాల్సింది మీరేం చేశారన్నది. "తప్పు చేసినవాణ్ణి వదలకూడదు" లాంటి డైలాగులు అసలొద్దు, ముందే తీర్పు రాసేసుకున్నట్టు వినిపిస్తుంది. యాస ఫర్లేదు, స్పష్టంగా చెప్తే చాలు. స్పీడుగా నడిపినందుకు లైసెన్సు మీద పెనాల్టీ పాయింట్లుంటే దాచకండి. పాయింట్ల కన్నా దాచడమే పెద్ద తప్పవుతుంది. పోలీసు ఉద్యోగంలో ఉన్నవాళ్లకి మాత్రం కుదరదు.

బర్మింగ్‌హామ్ నుంచి:
న్యాయవ్యవస్థలో మైనారిటీల పరిస్థితి మీద ఎంపీ డేవిడ్ లామీ ఇచ్చిన నివేదిక 2017లో వచ్చేనాటికి మేజిస్ట్రేట్లలో జాతి మైనారిటీలు 11 శాతం. జైళ్లలో మాత్రం 25 శాతం. మన ముఖాలు బెంచి మీద కనబడాలనేది అందుకే. అయితే ఇంటర్వ్యూలో "తెలుగువాళ్ల తరఫున వస్తున్నా" అనకండి, అక్కడ ఎవరి తరఫునా కూర్చోరు. తెలిసినవాళ్ల కేసు వస్తే వెంటనే లీగల్ అడ్వైజర్‌కి చెప్పి తప్పుకోవాలి. ముద్దాయి తెలుగులో మాట్లాడినా అనువాదం మీ పని కాదు, దుబాసీని కోర్టే పెడుతుంది. దుబాసీ తప్పు చెప్పాడనిపిస్తే అదీ లీగల్ అడ్వైజర్‌కే చెప్పాలి. కేసు కబుర్లు వాట్సాప్ గ్రూపులోకి రాకూడదు. విజిటింగ్ కార్డు మీద జేపీ (జస్టిస్ ఆఫ్ ద పీస్, అంటే మేజిస్ట్రేటే) అని వేసి వ్యాపారం పెంచుకోవడమూ కుదరదు.

రీడింగ్ నుంచి:
థాంక్సండీ. ఆఫీసులో సెలవిస్తారా?

స్లౌ నుంచి:
1996 ఉద్యోగ హక్కుల చట్టం ప్రకారం తగినంత సమయం ఇవ్వాల్సిందే. ఆ రోజులకి జీతం ఇవ్వాలని మాత్రం లేదు. కొన్ని కంపెనీలిస్తాయి, హెచ్‌ఆర్ పాలసీ చూడండి. మేనేజర్‌కి దరఖాస్తుకి ముందే చెప్పండి. మొదటి ఏడాది శిక్షణ రోజులు అదనంగా పడతాయని కూడా అప్పుడే చెప్పేయండి.