కోలైటిస్‌కి చద్దన్నం, బ్యూటిరేట్ క్యాప్సూల్స్: బిళ్లలు మానొచ్చా?

కందుకూరు కుర్రోడు:
మా అన్నకి అల్సరేటివ్ కోలైటిస్, అంటే పెద్దపేగు లోపల వాచి పుండ్లు పడే జబ్బు. నాలుగేళ్లుగా వాపు తగ్గించే మెసలమిన్ బిళ్లలు వాడుతున్నాడు. ఈమధ్య వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. పేగుల్లో ఉండే బ్యాక్టీరియా మనం తిన్న పీచుని పులియబెట్టి బ్యూటిరేట్ తయారుచేస్తుందట, పేగు వాపుకి అదే అసలు మందట. రోజూ చద్దన్నం తిని, బ్యూటిరేట్ క్యాప్సూల్ వేసుకుంటే చాలట. అన్న బిళ్లలు మానేస్తానంటున్నాడు. ఇంట్లో రెండు పార్టీలైపోయాం. అమ్మది చద్దన్నం పార్టీ. మీరేమంటారు?

మొలగొలుకుల అన్నం:
నేను అమ్మ పార్టీనే. బ్యూటిరేట్ ఉత్తమాటేం కాదు తమ్ముడూ. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ప్రధానమైన తిండి అదే. వాపును అణిచే రెగ్యులేటరీ టి కణాలనే రోగనిరోధక కణాలను పెంచుతుందని 2013లో ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. అయినా మా తాతలు పొద్దున్నే చద్దన్నం తిని పొలం పోయేవాళ్లు. వాళ్లకి ఈ జబ్బు పేరైనా తెలుసా?

ఒంగోలు మందుల షాపు:
పేరు తెలియకపోతే జబ్బు లేనట్టా? పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే కొలనోస్కోపీ తాతల కాలంలో ఎక్కడుంది? నెత్తురు పడితే రక్తవిరేచనాలు అనేవాళ్లు, అంతే.

ఇక బ్యూటిరేట్. 1992లో పది మంది రోగులకు దాన్ని ఎనిమా రూపంలో నేరుగా పెద్దపేగులోకి ఎక్కిస్తే ఉపశమనం కనిపించింది. తర్వాత ఎక్కువ మందితో చేసినవాటిలో ఫలితం అంత గట్టిగా రాలేదు. నోటితో మింగింది చాలావరకు చిన్నపేగులోనే ఇంకిపోతుంది. పెద్దపేగు దాకా చేరాలంటే క్యాప్సూల్‌కి తగిన పూత ఉండాలి. నెయ్యిలోనూ ఉంది కదా అని మొన్న ఒకాయన వాదించాడు. దానిదీ అదే దారి.

అన్నం చల్లారితే, పీచులాగే బ్యాక్టీరియాకి మేతయ్యే అరగని పిండిపదార్థం పెరిగే మాట నిజమే. ఒక పరీక్షలో వేడన్నంలో వంద గ్రాములకు 0.64 గ్రాములుంటే, ఫ్రిజ్‌లో ఒకరోజు ఉంచి మళ్లీ వేడిచేసినదాంట్లో 1.65 గ్రాములైంది. రెండున్నర రెట్లంటే గొప్పగా వినిపిస్తుంది. తూకంలో పెరిగింది గ్రాము.

మొలగొలుకుల అన్నం:
అన్నీ గ్రాముల్లో కొలిస్తే ఎట్లా? 2008లో ఫ్రాన్స్ వాళ్లు చేసింది చూడండి. క్రోన్స్ అని ఇలాంటిదే ఇంకో పేగు వాపు జబ్బుంది, దానికి ఆపరేషన్ అయినవాళ్లలో ఫీకలిబాక్టీరియం ప్రాస్నిట్జీ అనే బ్యాక్టీరియా తక్కువున్నవాళ్లకి జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. ఆ బ్యాక్టీరియాని పెంచిన ద్రవాన్ని, అందులోంచి బ్యాక్టీరియాని తీసేసి, ఎలుకలకిస్తే వాపు తగ్గింది. అంటే అది వదిలిన పదార్థాల్లోనే మందుంది.

కనిగిరి టీచరమ్మ:
తమ్ముడూ, నాకూ ఇదే జబ్బు, పదకొండేళ్లుగా. ఒకసారి బాగున్నాను కదా అని బిళ్లలు ఆపేసి, పీచు పీచు అని సజ్జ సంగటి, పచ్చి ఉల్లిపాయ తెగ తిన్నాను. రెండు నెలలు హాయిగా గడిచింది. తర్వాత ఒకరోజు ఒంగోలు బస్సులో, పొదిలి దాటాక, ఇక ఆగలేక కండక్టర్‌ని బతిమాలి దిగేశాను. రోడ్డు పక్క ఇంట్లో ఒక పెద్దావిడ ఏమీ అడక్కుండా బకెట్ నీళ్లు చేతికిచ్చింది. నెత్తురు చూసి అక్కడే కూలబడ్డాను.

ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఉండే ఫ్రక్టాన్ అనే పీచు బ్యాక్టీరియా పులియబెట్టకపోతే కొందరు రోగుల్లో వాపును ఇంకా రెచ్చగొడుతుందని 2023లో ఒక పరిశోధన వచ్చింది. దాన్ని పులియబెట్టే బ్యాక్టీరియానే ఈ జబ్బులో తగ్గిపోతుంది. జబ్బు సద్దుమణిగి ఉన్నప్పుడు నాకు పీచు పడుతుంది. నెత్తురు పడేటప్పుడు గంజి, మెత్తటి అన్నం తప్ప ఏదీ పడదు.

మొలగొలుకుల అన్నం:
టీచరమ్మా, అంత జరిగిందని తెలియదు. బిళ్లలు మానమని నేననలేదు, కానీ అన్నట్టే వినిపించింది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. చద్దన్నం మాట మాత్రం తీసుకోను.

ఒంగోలు మందుల షాపు:
మీ వాదనకి పనికొచ్చే సంగతొకటి నేనే ఇస్తా. సల్ఫాసలజిన్ అని పాత మందుంది. స్వీడన్ డాక్టర్ నానా స్వార్ట్స్ 1940ల్లో తెచ్చారు, మొదట కీళ్లవాతం కోసం. రెండు పదార్థాల్ని జతకట్టిన బిళ్ల అది. పెద్దపేగులోకి వెళ్లాక బ్యాక్టీరియా ఆ ముడిని తెంపితేనే లోపలి మెసలమిన్ బయటికొస్తుంది. అంటే తమ్ముడూ, మీ అన్న వేసుకునే మందే, ఆ పాత బిళ్లలో అయితే, బ్యాక్టీరియా విప్పితే గాని పనిచేయదు. ఇంట్లో రెండు పార్టీలెందుకు మరి?

కందుకూరు కుర్రోడు:
అన్నకి మొత్తం చదివి వినిపించాను. బస్సు సంగతి దగ్గర మాత్రం ఫోన్ లాక్కుని తనే ఇంకోసారి చదువుకున్నాడు. వచ్చే నెల డాక్టర్ దగ్గర మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష ఉంది, పైకి బాగున్నా లోపల వాపు ఉందో లేదో దాన్నిబట్టి తెలుస్తుందట. అప్పటిదాకా బిళ్లలు వేసుకుంటానన్నాడు. క్యాప్సూల్ సంగతి అక్కడే అడుగుతాం. అమ్మ మాత్రం ఈ రాత్రి కూడా కుండలో అన్నానికి నీళ్లు పోసింది.