సిబ్బంది ఏజెన్సీలతో దీర్ఘకాలిక ఒప్పందం: మేలా, ముప్పా?

హెచ్‌ఆర్_మేనేజర్: మాకు తాత్కాలిక సిబ్బందిని పంపే ఏజెన్సీలు 12 ఉన్నాయి. ఖాళీ రాగానే అందరికీ చెబుతాం; ఎవరి అభ్యర్థి చేరితే వారికే కమిషన్. వీటిని మూడుకు కుదించి మూడేళ్ల ఒప్పందం చేసుకుందామని నా ప్రతిపాదన. పోటీ పోతే రేట్లు పెరుగుతాయని కొనుగోలు విభాగం అడ్డుపడుతోంది. మీరేమంటారు?

కొనుగోళ్ల_నిపుణుడు: వాళ్ల భయం సరైనదే. మూడేళ్లు పని ఖాయమని తెలిశాక, ఏజెన్సీ తన మంచి రిక్రూటర్లను కొత్త క్లయింటు దగ్గరికి మారుస్తుంది. మీకు మిగిలేది కొత్తగా చేరినవాళ్లు.

ఏజెన్సీ_యజమాని: ఆ రిక్రూటర్ల పేర్లు ఒప్పందంలోనే రాయించుకోండి, మార్చాలంటే మీ అనుమతి తప్పనిసరి చేయండి. అసలు నష్టం మరోచోట ఉంది. పన్నెండు మందిలో ఒకరికే డబ్బు వస్తుందంటే ఏ రిక్రూటరూ అభ్యర్థితో తీరిగ్గా మాట్లాడడు. చేతికందిన రెజ్యూమెలు పంపేస్తాడు. ఒకే మనిషి పేరు మూడు ఏజెన్సీల నుంచి వస్తుంది, కమిషన్ ఎవరిదన్న తగాదా మీరే తీర్చాలి.

ఇక చెల్లింపులు. సిబ్బందికి మేం నెలనెలా జీతం ఇవ్వాలి. మీ నుంచి బిల్లు డబ్బు వచ్చేది 90 రోజులకు. మధ్యలో అప్పు తెచ్చి, వడ్డీ కట్టి నెట్టుకొస్తాం. పైగా రేటు తగ్గించమంటారు. ఆ కోత చివరికి పనిచేసేవాడి జీతం మీదే పడుతుంది. నాలుగు రూపాయలు ఎక్కువ ఇచ్చేవారు దొరకగానే అతను వెళ్లిపోతాడు. తప్పు మాత్రం ఏజెన్సీది!

కొనుగోళ్ల_నిపుణుడు: చెల్లింపుల మాట ఒప్పుకుంటాను. కానీ అన్ని పనులకూ ఒకే పద్ధతి ఎందుకు? లాభంపై ప్రభావం ఎంత, సరఫరాలో ప్రమాదం ఎంత అన్న రెండు ప్రశ్నలతో నిర్వహణ సలహాదారు పీటర్ క్రాల్జిక్ 1983లోనే కొనుగోళ్లను నాలుగు రకాలుగా విడదీశారు. అరుదైన నైపుణ్యాలకు ఒకరిద్దరితో గట్టి బంధం పెట్టుకోండి. ప్యాకింగ్ పనికి పోటీ ఉండనివ్వండి.

ఏజెన్సీ_యజమాని: ప్యాకింగ్ దగ్గరే నేను విభేదిస్తాను. రద్దీ నెలల్లో అన్ని గోదాములకూ ఒకేసారి మనుషులు కావాలి. అప్పుడు మా మనుషులు ముందుగా వెళ్లేది, అవసరం ఎంతో మూడు నెలల ముందే చెప్పి, సమయానికి బిల్లు చెల్లించే చోటికి.

హెచ్‌ఆర్_మేనేజర్: అయితే ముందు ఏడాదికే ఒప్పందం చేసుకుంటాం. ఎన్ని రెజ్యూమెలు పంపారని కాకుండా, చేరినవారిలో ఆరు నెలలు నిలిచింది ఎందరని లెక్కిస్తాం. ఇక బిల్లులు 30 రోజుల్లో చెల్లించడానికి మా ఆర్థిక విభాగం ఒప్పుకోకపోతే?

ఏజెన్సీ_యజమాని: 45 రోజులైనా సరే, చెప్పిన తేదీ దాటకూడదు. బ్యాంకుకు మేం మాట ఇచ్చేది ఆ తేదీని నమ్ముకునే.