ఒకటి గుంటూరు, ఒకటి బెజవాడ: పోస్ట్‌గ్రెస్ స్టాండ్‌బైకి ఆటోమేటిక్ ఫెయిలోవర్ ఎలా పెట్టాలి?

టిక్కీ_కాటా:
మిర్చి యార్డు కమీషన్ కొట్లకి బిల్లింగ్, కోల్డ్ స్టోరేజీల్లో టిక్కీల (మిర్చి బస్తాల) స్టాకు లెక్క నడిపే సాఫ్ట్‌వేర్ అండి. డేటాబేసు పోస్ట్‌గ్రెస్ 16, డేటా 180 జీబీ, సీజన్లో గంటకి 2 జీబీ దాకా వాల్ (మార్పుల లాగు) పుడుతుంది. ప్రైమరీ (రాతలు తీసుకునే సర్వరు) గుంటూరు అరండల్‌పేటలో, స్టాండ్‌బై (దాని నకలు) విజయవాడ ఆటోనగర్‌లో. అసింక్ స్ట్రీమింగ్ రెప్లికేషన్ నడుస్తోంది, అంటే స్టాండ్‌బైకి చేరిందో లేదో ఆగి చూడకుండానే ప్రైమరీ కమిట్ (ట్రాన్సాక్షన్ ఖాయం) చేస్తుంది. మధ్యలో మామూలు బ్రాడ్‌బ్యాండ్ ఫైబర్, దాని మీద వైర్‌గార్డ్ వీపీఎన్. ప్రైమరీ పోతే విజయవాడ దానంతట అదే లేవాలని అడుగుతున్నారు. ప్లాన్ ఇది: స్టాండ్‌బై మీద ఒక స్క్రిప్టు, 10 సెకన్లకోసారి 5432 పోర్టు కొట్టి చూసి, మూడుసార్లు పలక్కపోతే పీజీ_ప్రమోట్‌తో స్టాండ్‌బైనే ప్రైమరీ చేయడం. లోపాలు చెప్పండి.

బందరురోడ్డు:
ఆ స్క్రిప్టుకి తెలిసేది "నాకు గుంటూరు కనపడట్లేదు" అన్న ఒక్క ముక్కే. సర్వరు చచ్చిందా, మధ్యలో కేబుల్ తెగిందా దానికి తెలీదు. రోడ్డు తవ్వి ఫైబర్ కోశారనుకోండి. యార్డులో కొట్లన్నీ గుంటూరు సర్వర్లో బిల్లులు కొడుతూనే ఉంటాయి. విజయవాడ కూడా ప్రైమరీ అయిపోతుంది, అటువైపు కోల్డ్ స్టోరేజీలు దాంట్లో రాస్తాయి. టైమ్‌లైన్ (డేటా చరిత్ర) చీలిపోయింది. చీలిన రెండింటినీ కలిపే పనిముట్టు పోస్ట్‌గ్రెస్‌లో లేదు. ఒకటి పారేయాలి, లేదా రెండు డేటాబేసుల్లో వరసలన్నీ చేత్తో పోల్చుకోవాలి.

ప్రమోట్ చేయడం ఒక్క కమాండు. పాతది ఇక రాయడం లేదని ఖాయం చేసుకోవడమే అసలు డిజైన్. రెండే మెషీన్లతో అది కుదరదు, మూడో ఓటు కావాలి.

ఆటోనగర్_నెట్‌వర్క్:
కీపలైవ్డ్ పెట్టి, ఒక సర్వరు పోతే రెండోదానికి మారే వర్చువల్ ఐపీ తిప్పితే సరిపోదా? చాలా ఆఫీసుల్లో అదే నడుస్తోంది.

బందరురోడ్డు:
ఒకే స్విచ్ మీద ఉన్న రెండు సర్వర్లకైతే నడుస్తుంది. ఇక్కడ రెండు ఊళ్లు, రెండు సబ్‌నెట్లు. కీపలైవ్డ్ పంపే 'నేను బతికున్నా' సందేశం (వీఆర్ఆర్‌పీ అడ్వర్టైజ్‌మెంట్) వైర్‌గార్డ్ లాంటి లేయర్-3 టన్నెల్లో దానంతట అది దాటదు. యూనికాస్ట్ (నేరుగా ఒక ఐపీకే పంపడం) పెట్టి దాటించినా, గుంటూరు ఐపీ విజయవాడ రౌటర్లో పనిచేయదు. ఇక లింకు తెగితే రెండు వైపులా మాస్టర్ అయిపోతాయి, పైన చెప్పిన గొడవే మళ్లీ.

పాత_డీబీఏ_బ్రాడీపేట:
పాట్రోని (ఫెయిలోవర్ నడిపే సాఫ్ట్‌వేర్), దాని కింద ఈటీసీడీ (లీడర్ ఎవరో ఓట్లతో ఖాయం చేసి రాసిపెట్టే చిన్న డేటాబేసు) పెట్టండి. ఈటీసీడీ మూడు చోట్ల: గుంటూరు, విజయవాడ, మూడోది ఎక్కడో క్లౌడ్‌లో చిన్న వీఎం. మూడింట్లో రెండు బతికి ఉంటే కోరం (మెజారిటీ) ఉంటుంది. ఈటీసీడీ రెండింటి మీదే పెడితే ఒకటి పోయినా కోరం పోతుంది, ఒక్కటే ఉన్నదానికన్నా అధ్వానం.

ఇది ఎలా పనిచేస్తుందంటే, ప్రైమరీ దగ్గర లీడర్ కీ ఉంటుంది, దానికి టీటీఎల్ (చెల్లే గడువు) 30 సెకన్లు. లూప్_వెయిట్ ప్రకారం 10 సెకన్లకోసారి దాన్ని పొడిగించుకుంటూ ఉంటుంది. పొడిగించుకోలేకపోతే ప్రైమరీ తనంతట తానే రీడ్ ఓన్లీకి దిగిపోతుంది. కీ కాలం తీరాకే అవతలివాడు లీడర్ అవుతాడు. అంటే ఫైబర్ తెగినా గుంటూరు క్లౌడ్ వీఎంని అందుకోగలిగితే అదే ప్రైమరీగా ఉంటుంది. మొత్తం ఇంటర్నెట్టే పోతే గుంటూరు దిగిపోతుంది, విజయవాడ లేస్తుంది. కాబట్టి గుంటూరులో రెండు వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ లైన్లు ఉండాలి. రెండూ ఒకే స్తంభం మీంచి రాకుండా చూసుకోండి, అది చాలామంది పట్టించుకోరు.

టీటీఎల్ తగ్గిస్తే త్వరగా లేస్తుంది కదా అని 10కి దించొద్దు. బ్రాడ్‌బ్యాండ్ పది సెకన్లు ఊగినప్పుడల్లా ఫెయిలోవర్ అవుతుంది. సూత్రం ఇది: లూప్_వెయిట్‌కి రీట్రై_టైమౌట్ (మళ్లీ ప్రయత్నించే గడువు) రెండింతలు కలిపితే టీటీఎల్ దాటకూడదు. డిఫాల్ట్ 10, 10, 30 సరిగ్గా అంచు మీద ఉంటుంది. మీ లింకుకి టీటీఎల్ 45 పెట్టి రీట్రై_టైమౌట్ 15 చేయండి.

ఇంకోటి, వాచ్‌డాగ్. పాట్రోని ప్రాసెసే వేలాడిపోతే "దిగిపో" అని పోస్ట్‌గ్రెస్‌కి చెప్పేవాడు ఉండడు. లినక్స్ కెర్నల్లోని సాఫ్ట్‌డాగ్ మాడ్యూల్ లోడ్ చేసి, వాచ్‌డాగ్ డివైసు పోస్ట్‌గ్రెస్ యూజర్ పేర ఉంచి, పాట్రోనిలో మోడ్ 'రిక్వైర్డ్' అనండి. అప్పుడు పాట్రోని పలక్కపోతే మెషీనే రీబూట్ అవుతుంది. రెండు ఊళ్ల మధ్య ఐపీఎంఐతో (దూరం నుంచి సర్వరు ఆపే ఏర్పాటు) కరెంటు తీసేయడం నమ్మకం కాదు, లింకు తెగినప్పుడు ఐపీఎంఐ కూడా అందదు.

టిక్కీ_కాటా:
మూడో ఈటీసీడీకి ఆఫీసులో పడి ఉన్న రాస్ప్‌బెర్రీ పై వాడొచ్చా సార్?

పాత_డీబీఏ_బ్రాడీపేట:
వద్దు. ఎక్కడ పెడితే ఆ ఊరితోపాటే పోతుంది, ఓటు లెక్క తప్పుతుంది. పైగా ఈటీసీడీ ప్రతి రాతనీ ఎఫ్‌సింక్‌తో డిస్కు మీద ఖాయం చేస్తుంది, ఎస్‌డీ కార్డు దానికి తట్టుకోదు. హైదరాబాదు, ముంబై రీజియన్లలో అతి చిన్న వీఎం చాలు, డిస్కు మాత్రం ఎస్ఎస్‌డీ ఉండాలి. ఈటీసీడీ వాడే 2379, 2380 పోర్టులు వైర్‌గార్డ్ లోపలే తెరవండి. దాని హార్ట్‌బీట్ (పలకరింపు) డిఫాల్ట్ 100 మిల్లీసెకన్లు, ఎలక్షన్ టైమౌట్ 1000. ఇవి లోకల్ నెట్‌వర్క్ కోసం పెట్టినవి. మీవి 300, 3000 చేయండి, మూడు చోట్లా ఒకేలా.

లెక్కలపంతులు:
ఫెయిలోవర్ అయ్యాక బిల్లు నంబర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇక్కడే తలనొప్పి.

అసింక్‌లో గుంటూరు ఒప్పుకున్న కమిట్లు కొన్ని విజయవాడ చేరకముందే గుంటూరు పోవచ్చు. బిల్లు ప్రింటై రైతు చేతిలో ఉంటుంది, డేటాబేసులో ఉండదు. నంబరు మీరు పోస్ట్‌గ్రెస్ తానే నంబర్లిచ్చే సీక్వెన్స్‌తో ఇస్తున్నారా, కౌంటర్ టేబుల్లో వరసకి తాళం వేసి ఇస్తున్నారా? కౌంటర్ అయితే విజయవాడ పాత విలువ నుంచి మొదలెడుతుంది, అదే నంబరుతో ఇంకొకరికి బిల్లు వెళుతుంది. ఒకే నంబరు, రెండు కాగితాలు. సీక్వెన్స్ అయితే పోస్ట్‌గ్రెస్ వాల్‌లో 32 నంబర్లు ముందుకి రాసిపెడుతుంది కాబట్టి మళ్లీ అదే నంబరు రావడం అరుదు, కానీ మధ్యలో 32 దాకా నంబర్లు ఖాళీ పోతాయి. జీఎస్టీ రూల్ 46 ప్రకారం ఇన్వాయిస్ నంబర్లు వరసగా ఉండాలి, ఆడిటర్ అడుగుతాడు.

నా సలహా: కౌంటర్ టేబులే ఉంచండి, బిల్లు ట్రాన్సాక్షన్ మాత్రం సింక్ చేయండి, అంటే స్టాండ్‌బైకి చేరాకే కమిట్ అయినట్టు.

ఆటోనగర్_నెట్‌వర్క్:
సింక్ పెడితే బిల్లింగ్ నెమ్మదిస్తుంది కదండీ. పైగా విజయవాడ లింకు పోతే గుంటూరు కూడా ఆగిపోతుంది.

లెక్కలపంతులు:
నెమ్మది సంగతి కొలవండి. రెండు ఊళ్ల మధ్య 35 కిలోమీటర్లే, ఫైబర్లో వెలుగు వెళ్లి రావడానికి అర మిల్లీసెకను కూడా పట్టదు. అయితే రెండు చోట్లా వేర్వేరు కంపెనీల లైన్లయితే ప్యాకెట్లు హైదరాబాదో చెన్నైయో చుట్టి రావొచ్చు. పింగ్‌లో 20 మిల్లీసెకన్లు వస్తే ఒక్కో సెషన్ సెకనుకి 50 కమిట్లకి మించి చేయలేదు. ఒక కొట్లో మనిషి బిల్లు కొట్టే వేగానికి అది సమస్యే కాదు, ఒకేసారి వందమంది కొట్టినా, ఒక్కో కొట్టుకి కౌంటర్ వరస విడిగా ఉంటే ఎవరి సెషన్ వారిదే. వేల వరసలు ఒక్కొక్కటిగా కమిట్ చేసే రాత్రి జాబులకే నొప్పి. అన్నింటికీ సింక్ అక్కర్లేదు కూడా. కాటా రీడింగులు, లాగిన్ లాగుల ట్రాన్సాక్షన్లలో 'సెట్ లోకల్ సింక్రనస్_కమిట్ = లోకల్' అనండి, అవి ఆగవు.

పాత_డీబీఏ_బ్రాడీపేట:
లింకు పోతే ఆగిపోవడం గురించి: నేరుగా సింక్రనస్_స్టాండ్‌బై_నేమ్స్ రాస్తే, ఉన్న ఒక్క స్టాండ్‌బై పోయినప్పుడు కమిట్లు ఎంతసేపైనా వేలాడతాయి. విసుగొచ్చి క్యాన్సిల్ కొడితే ఆ కమిట్ లోకల్‌గా అయిపోయిందని వార్నింగ్ వస్తుంది. యాప్ దాన్ని ఫెయిల్ అనుకుని మళ్లీ బిల్లు కొడితే రెండు బిల్లులు. పాట్రోనిలో సింక్రనస్_మోడ్ ఆన్ చేస్తే, స్టాండ్‌బై కనపడనప్పుడు అదే అసింక్‌కి దింపుతుంది. ఆ సంగతి ఈటీసీడీలో రాసి ఉంటుంది కాబట్టి, వెనకబడ్డ విజయవాడని ఆటోమేటిక్‌గా ప్రమోట్ చేయదు. మీకు కావలసింది సరిగ్గా అదే.

ఒక చిక్కు. లింకు చప్పుడు లేకుండా పోతే వాల్ సెండర్‌కి (ప్రైమరీలో వాల్ పంపే ప్రాసెస్) తెలిసేదాకా కమిట్లు ఆగుతాయి. వాల్_సెండర్_టైమౌట్ డిఫాల్ట్ 60 సెకన్లు. దాన్ని 15కి దించండి.

బందరురోడ్డు:
నేనైతే మొదటి సీజన్ ఆటోమేటిక్ పెట్టను. ఎలాగూ రాత్రి యార్డులో బిల్లింగ్ ఉండదు, పగలు మనిషి ఉంటాడు. పాట్రోనిని 'పాజ్'లో ఉంచి, ఫోన్‌కి అలర్ట్ వస్తే మనిషి చూసి పాట్రోనిసీటీఎల్ ఫెయిలోవర్ కమాండు కొట్టొచ్చు. పది నిమిషాలు ఆగితే కొంప మునగదు, చీలిపోతే మునుగుతుంది. పాజ్‌లో ఆటోమేటిక్ ఏదీ జరగదన్నది మర్చిపోవద్దు, ప్రైమరీ క్రాష్ అయితే తిరిగి లేపడం కూడా మనిషి పనే.

పాత_డీబీఏ_బ్రాడీపేట:
ఒప్పుకోను. మూడో ఓటు, వాచ్‌డాగ్ ఉన్నాక మనిషికన్నా అదే తక్కువ తప్పులు చేస్తుంది. అర్ధరాత్రి అలర్ట్‌కి లేచినవాడు కనపడని సర్వరు చచ్చిందనే అనుకుంటాడు, మొదటి స్క్రిప్టులాగే. మీ ఇష్టం.

కోల్డ్‌స్టోరేజీ_ఐటీ:
స్లాట్ మీద రెండు మాటలు. స్టాండ్‌బైకి రెప్లికేషన్ స్లాట్ (వాల్ ఎంతవరకూ చేరిందో గుర్తు) ఉంటే, స్టాండ్‌బై ఆగినంతసేపూ ప్రైమరీ వాల్ ఫైళ్లని అట్టే పెడుతుంది. గంటకి 2 జీబీ అంటే రెండు రోజుల్లో 96 జీబీ. వాల్ డిస్కు నిండితే ప్రైమరీయే పడిపోతుంది. స్టాండ్‌బైని కాపాడబోయి ప్రైమరీని చంపినట్టు. మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ డిఫాల్ట్ మైనస్ 1, అంటే హద్దు లేదు. మీ లెక్కకి 60 జీబీ పెట్టండి, 30 గంటలు వస్తుంది. పీజీ_రెప్లికేషన్_స్లాట్స్‌లో వాల్_స్టేటస్ 'ఎక్స్‌టెండెడ్' అవగానే అలర్ట్, 'లాస్ట్' అయిందంటే స్టాండ్‌బైని కొత్తగా కట్టుకోవాల్సిందే, ఆర్కైవ్‌లో వాల్ ఉంటే తప్ప. పీజీబ్యాక్‌రెస్ట్ అనే బ్యాకప్ టూల్‌తో ఆర్కైవ్ మూడో చోట ఉంచితే ఆ బాధ లేదు. ఎవరైనా పొరపాటున టేబుల్ డ్రాప్ చేస్తే అది క్షణాల్లో స్టాండ్‌బైలోనూ పోతుంది, అప్పుడూ ఆ ఆర్కైవే దిక్కు.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగాయి. ఆర్కైవ్ ఆటోనగర్ గదిలోనే పెడితే స్టాండ్‌బైతోపాటు అదీ నీళ్లలోనే.

బందరురోడ్డు:
రెండు చోట్లా ఆపరేటింగ్ సిస్టం ఒకటేనా టిక్కీ గారూ?

టిక్కీ_కాటా:
గుంటూరులో ఉబుంటు 18.04 అండి, విజయవాడలో 22.04. పోస్ట్‌గ్రెస్ రెండింట్లోనూ 16.

బందరురోడ్డు:
అయితే పైవన్నీ పక్కన పెట్టి ముందు ఇది సరిచేయండి. లినక్స్ సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2.28లో అక్షరాల వరస (సార్టింగ్ క్రమం) మారింది. 18.04లో ఉన్నది 2.27, 22.04లో 2.35. స్టాండ్‌బై ఇండెక్సులు గుంటూరు వరసలో అమర్చి ఉంటాయి, విజయవాడ వాటిని తన వరసలో వెతుకుతుంది. ఎర్రర్ రాదు. ప్రమోట్ అయ్యాక పార్టీ పేరుతో వెతికితే దొరకదు, యూనిక్ ఇండెక్స్ ఉన్నా డూప్లికేట్ పేర్లు పడతాయి. స్టాండ్‌బైని 18.04కి దించడమో, ప్రైమరీని లేపి టెక్స్ట్ ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేయడమో చేయాలి. రెండోదే నయం, 18.04కి మామూలు సపోర్ట్ ఎప్పుడో ముగిసింది. అంతవరకూ ఆ స్టాండ్‌బై రిపోర్టుల్లో టెక్స్ట్ మీద వెతికిన జవాబులని నమ్మొద్దు.

కోల్డ్‌స్టోరేజీ_ఐటీ:
పాత ప్రైమరీ తిరిగి లేచినప్పుడు: సిస్టమ్‌డీలో పోస్ట్‌గ్రెస్ సర్వీస్‌ని డిసేబుల్ చేయండి, పాట్రోని ఒక్కటే లేపాలి. లేకపోతే కరెంటు రాగానే అది పాత ప్రైమరీగా లేచి కూర్చుంటుంది. తర్వాత పీజీ_రివైండ్, అంటే పాత ప్రైమరీ డేటాని కొత్తదానికి సరిపెట్టే టూల్. దానికి డేటా చెక్‌సమ్స్‌గానీ వాల్_లాగ్_హింట్స్‌గానీ ముందే ఆన్ ఉండాలి. పోస్ట్‌గ్రెస్ 18 నుంచి ఇనిట్‌డీబీ (కొత్త డేటాబేసు కట్టే కమాండు) చెక్‌సమ్స్ తానే పెడుతుంది, 16లో మీరే చూసుకోవాలి. రివైండ్ చేసిందంటే విజయవాడ చేరని బిల్లులు గుంటూరు డిస్కు మీంచి కూడా పోతాయి. పాట్రోనిలో యూజ్_పీజీ_రివైండ్ ఆన్ ఉంటే ఇదంతా మిమ్మల్ని అడక్కుండానే జరుగుతుంది. ఆ బిల్లులు కావాలంటే దాన్ని ఆఫ్‌లో ఉంచి, ముందు డేటా డైరెక్టరీని కాపీ తీయండి, కాపీని విడిగా వేరే పోర్టులో లేపి బిల్లులు తీసుకోండి, ఆ తర్వాత డ్రై రన్, ఆపైనే అసలుది.

టిక్కీ_కాటా:
యాప్ వైపు ఏం మార్చాలి? జావా అది.

కోల్డ్‌స్టోరేజీ_ఐటీ:
జేడీబీసీ (జావా డేటాబేసు డ్రైవర్) యూఆర్ఎల్లో రెండు హోస్టులూ కామాతో రాసి, టార్గెట్‌సర్వర్‌టైప్ = ప్రైమరీ, కనెక్ట్‌టైమౌట్ 3. టైమౌట్ చిన్నది లేకపోతే డ్రైవర్ డిఫాల్ట్‌లో చచ్చిన హోస్టుకి కనెక్షన్ ప్రయత్నం పది సెకన్లు వేలాడుతుంది. సాకెట్ టైమౌట్, టీసీపీ కీపలైవ్ కూడా పెట్టండి, లేకపోతే పాత కనెక్షన్లు కనెక్షన్ పూల్లో శవాల్లా ఉండిపోతాయి.

పాత_డీబీఏ_బ్రాడీపేట:
యూపీఎస్ బ్యాటరీ అడుగంటినప్పుడు నట్ అనే యూపీఎస్‌ని గమనించే సాఫ్ట్‌వేర్‌తో పాట్రోని సర్వీసుని ఆపించండి. పద్ధతిగా ఆగితే పోస్ట్‌గ్రెస్ ఉన్న వాల్ అంతా స్టాండ్‌బైకి పంపాకే ఆగుతుంది, ఒక్క బిల్లూ పోదు. రోజూ జరిగే కరెంటు కోతకి ఇదే మందు.

పరీక్ష మాత్రం సర్వీస్ ఆపి చూసి సరిపెట్టుకోకండి, అది సుఖమైన చావు. గుంటూరు వైపు కేబుల్ పీకండి. పాట్రోనికి సిగ్‌స్టాప్ పంపి స్తంభింపజేసి, వాచ్‌డాగ్ రీబూట్ చేస్తుందో లేదో చూడండి. ఐపీటేబుల్స్ ఫైర్‌వాల్‌తో ఈటీసీడీ ఒక్కటే మూసి పోస్ట్‌గ్రెస్ రీడ్ ఓన్లీకి దిగిందో లేదో చూడండి. ప్రతిసారీ ఒక లూప్ వరసగా నంబర్లు ఇన్సర్ట్ చేస్తూ, కమిట్ అయిందని జవాబొచ్చిన నంబర్లని బయట ఫైల్లో రాస్తూ ఉండాలి. ఫెయిలోవర్ అయ్యాక ఫైల్లో ఉండి టేబుల్లో లేనివి ఎన్నో చూడండి. సింక్‌లో ఉంటే సున్నా రావాలి.

టిక్కీ_కాటా:
స్టాండ్‌బై మీద సాయంత్రం స్టాకు రిపోర్టు పెద్దది, రికవరీతో కాన్‌ఫ్లిక్ట్ అని మధ్యలో ఆగిపోతోంది. మ్యాక్స్_స్టాండ్‌బై_స్ట్రీమింగ్_డిలే మైనస్ 1 (రిపోర్టు కోసం ఎంతసేపైనా ఆగమని) పెట్టొచ్చా?

లెక్కలపంతులు:
ప్రమోట్ అవ్వాల్సిన స్టాండ్‌బై మీద పెట్టొద్దు. రిపోర్టు నడిచినంతసేపూ వాల్ అప్లై ఆగిపోవచ్చు, ప్రమోట్ అయ్యేముందు అదంతా ముగించుకోవాలి. హాట్_స్టాండ్‌బై_ఫీడ్‌బ్యాక్ ఆన్ చేయండి, ప్రైమరీలో కొంచెం బ్లోట్ (ఊడ్చని పాత వరసలు) పెరుగుతుంది, రిపోర్టు అరగంట లోపలైతే భరించొచ్చు. అంతకన్నా ఎక్కువైతే రిపోర్టులకి ఇంకో స్టాండ్‌బై కట్టి, పాట్రోనిలో దానికి నోఫెయిలోవర్, నోసింక్ ట్యాగులు పెట్టండి.