26/11 తరువాత మనకు ఏం మారింది?

ప్రశ్న: 2008 నవంబరు 26న మొదలైన ముంబై దాడిలో 166 మంది ప్రాణాలు కోల్పోయారు. హైదరాబాద్‌లో ఉండే మనకు దాని ప్రభావం నేటికీ ఎక్కడ కనిపిస్తుందో పెద్దలెవరైనా చెప్పగలరా?

జవాబు 1: ముందుగా చట్టాల్లో కనిపిస్తుందండీ. నెల తిరగకముందే జాతీయ దర్యాప్తు సంస్థ చట్టానికి పార్లమెంటు ఆమోదం లభించింది; ఢిల్లీ నుంచి కమాండోలు ముంబై చేరడానికి గంటలు పట్టిన చేదు అనుభవంతో, 2009లో హైదరాబాద్ సహా నాలుగు నగరాల్లో ఎన్‌ఎస్‌జీ (ఆ కమాండోల దళమైన నేషనల్ సెక్యూరిటీ గార్డ్) స్థావరాలను నెలకొల్పారు.

జవాబు 2: మన ఊరికి ఆ గాయం అంతకుముందే, 2007 ఆగస్టు 25న, లుంబినీ పార్కులోనూ కోఠి గోకుల్ చాట్‌లోనూ జరిగిన బాంబు పేలుళ్లతో తగిలింది. మా నాన్నగారు ఇప్పటికీ సినిమా హాల్లో కూర్చునే ముందు సీటు కింద చేత్తో తడిమి చూస్తారు. మాల్ గేటు దగ్గర నా టిఫిన్ డబ్బా మూత తీయించే కుర్రవాడికి మాత్రం (ఇరవై ఏళ్లుంటాయేమో) ఆ సాయంత్రం గుర్తుండే వయసు కాదు.